ఒక్క మైకు ముందు ముప్పై ఏళ్లు
(ఘంటసాల వేంకటేశ్వరరావు జీవితం, రికార్డింగు కళ)

మన హాస్టలు వార్షికోత్సవం అంటే ఆటలపోటీలు, బహుమతి ప్రదానం, అతిథుల ప్రసంగాలు అయ్యాక చివర్లో పాటలు ఉండి తీరాలి. ఆ పాటల్లో ఘంటసాల పాట ఒక్కటైనా ఉండాలి. కొత్త సినిమా పాటలకు చిన్నపిల్లలు ఎగిరి గంతులేసినా, ఘంటసాల పద్యం ఎత్తుకోగానే వెనక నిలబడిన వంటమనుషులు, వాచ్‌మన్, పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఒక్కడుగు ముందుకు వేస్తారు. మన కృత్తివెన్ను నుంచి బందరు దాకా, అటు గుడివాడ దాకా, ఇటు దివిసీమ దాకా ఆ గొంతు వినని ఊరు లేదు.

మిత్రులు ఈ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాసి ఇమ్మన్నప్పుడు మేము ఆయన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆయన మన జిల్లా మనిషి, పేదరికంలో చదువుకున్న మనిషి. రెండోది, పీజీలో చేరాక మేము కంప్యూటరులో పాట రికార్డు చేయడం కొద్దికొద్దిగా నేర్చుకుంటున్నాం. ఆ పని నేర్చుకుంటున్నకొద్దీ ఆయన ఎలాంటి పరిస్థితుల్లో పాడారో తెలిసి ఆశ్చర్యం పెరిగింది. అందుకే ఆయన జీవితంతోపాటు రికార్డింగు గురించి కూడా మాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతున్నాం.

బాల్యం – తండ్రి కోరిక

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. భజనలకు వెళ్లేటప్పుడు కొడుకును భుజాన ఎక్కించుకుని తీసుకెళ్లేవారట. తరంగానికి ఆ పిల్లవాడు అడుగులు వేస్తుంటే జనం ముచ్చటపడి బాలభరతుడు అని పిలిచేవారని చెబుతారు. ఇంటిపేరుగా ఉన్న ఘంటసాల అనే ఊరు కూడా మన జిల్లాలోనే, చల్లపల్లి దగ్గర ఉంది. అది పాత బౌద్ధ క్షేత్రం.

ఆయన పసితనంలోనే తండ్రి పోయారు. కొడుకు సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆ తండ్రి చివరి కోరిక. తర్వాత మేనమామ పిచ్చిరామయ్య ఆ కుటుంబాన్ని చూసుకున్నారు. పిల్లవాడికి తండ్రి మాట మీద ధ్యాస పోలేదు. ఊళ్లో ఎవరి దగ్గరో కొన్నాళ్లు నేర్చుకున్నా సరిపోలేదు. చివరికి చేతి ఉంగరం అమ్ముకుని, ఆ డబ్బుతో విజయనగరం రైలెక్కారు.

విజయనగరం – వారాలు, మధూకరం

విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. తర్వాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడు ఆ స్థానంలోకి వచ్చారు. ఘంటసాల వెళ్లేసరికి కళాశాలకు వేసవి సెలవులు. తెలియని ఊళ్లో నిలువనీడ లేని ఆ కుర్రవాడిని పట్రాయని సీతారామశాస్త్రి ఇంట్లో పెట్టుకుని సంగీతం చెప్పారు. ఆ గురువు కూడా ఉన్నవారు కాదు. అందుకని శిష్యుడు జోలె కట్టుకుని ఇంటింటికీ తిరిగి మధూకరం తెచ్చుకుని తిన్నారు. రోజుకొక ఇంట వారాలు చేసుకుని చదువుకున్న రోజులూ ఉన్నాయి. ఆ ఊళ్లో కళావర్ రింగ్ అని పేరుపొందిన నర్తకి ఆదరించి అన్నం పెట్టిందని, ఆమె మేలును ఆయన చివరిదాకా మరిచిపోలేదని చెబుతారు.

ఇక్కడ మన హాస్టలు విద్యార్థులుగా మనం ఒక మాట అనుకోవాలి. వారాలు చేసుకుని చదువుకోవడం కష్టమే. కాని ఆ కష్టపడే అవకాశం కూడా ఆ కాలంలో అందరికీ లేదు. ఘంటసాల బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు కాబట్టి ఆ గుమ్మాల ముందు జోలె పట్టగలిగారు. మన తాతలు అదే వీధిలో నడవాలన్నా ఆలోచించుకోవలసిన రోజులవి. వాళ్లలో ఎన్ని మంచి గొంతులుండేవో, ఎంతమంది మృదంగం వాయించగలిగేవారో లెక్క తెలియదు. అది ఘంటసాల తప్పు కాదు, అప్పటి కట్టుబాటు. ఆ లోటు తీర్చడానికే తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. మెస్సులో చారు పలచనయిందని మనం విసుక్కుంటాం. అలా అడిగే హక్కు కూడా మనకు ఎవరో పోరాడి తెచ్చిపెట్టిందే. ఆయన జోలెలో పడిన అన్నం గురించి చదివినప్పుడు మన చేతిలోని కంచం విలువ మాకు తెలిసింది.

చదువు పూర్తయ్యాక ఆయన ఊరు తిరిగివచ్చి కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ గడిపారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకు వెళ్లారు. బళ్లారి అలీపురం జైలులో పద్దెనిమిది నెలలు ఉన్నారు. బయటికి వచ్చాక 1944లో సావిత్రమ్మతో పెళ్లి జరిగింది. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమాలకు మాటలు, పాటలు రాస్తున్న సముద్రాల రాఘవాచార్య కూడా ఆ ఊరివారే. ఆయన ఈ కుర్రవాడి గొంతు విని మద్రాసు రమ్మన్నారు.

మద్రాసు – పనికిరాదన్న గొంతు

మద్రాసులో సముద్రాల ఇల్లు చిన్నది. వారికి ఇబ్బంది కలిగించడం ఇష్టంలేక ఘంటసాల పానగల్ పార్కులో తలదాచుకున్నారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడం, రాత్రికి వచ్చి పార్కులో పడుకోవడం. రేడియోలో పాడే అవకాశాలు కొన్ని వచ్చాయి. గ్రామఫోన్ రికార్డు ఇద్దామని వెళితే ఆ కంఠం రికార్డింగుకు నప్పదని మొదట పంపేశారని చెబుతారు. తర్వాత పేకేటి శివరాం పూనుకోవడంతో హెచ్.ఎం.వి. కోసం పాడగలిగారు.

సినిమాల్లో మొదట దక్కింది గుంపులో గొంతు కలపడమే. 1944లో వచ్చిన సీతారామజననంలో బృందంతోపాటు పాడారు. 1945లో స్వర్గసీమలో భానుమతితో కలిసి నేపథ్యగానం చేశారు. అక్కడి నుంచి వెనక్కి చూడలేదు. 1949లో కీలుగుర్రం, మనదేశం చిత్రాలకు సంగీతం కూర్చారు. మనదేశం నిమ్మకూరు నుంచి వచ్చిన ఎన్.టి.రామారావుకు మొదటి సినిమా. కీలుగుర్రంలో కథానాయకుడు గుడివాడ ప్రాంతం నుంచే వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు. తెర మీద వాళ్లిద్దరు, తెర వెనక ఘంటసాల, ముగ్గురూ మన డెల్టా మట్టివాళ్లే. షావుకారు 1950లో, పాతాళభైరవి 1951లో, మాయాబజార్ 1957లో, లవకుశ 1963లో వచ్చాయి. వీటన్నిటా సంగీత దర్శకుడిగా ఆయన పేరు ఉంది. మాయాబజార్‌కు మొదట కొన్ని వరుసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన తప్పుకున్నాక మిగిలిన పనంతా ఘంటసాల చేశారు.

అప్పటి రికార్డింగు ఎలా జరిగేది?

ఇది తెలిస్తేనే ఆయన గొప్పతనం పూర్తిగా అర్థమవుతుందని మా నమ్మకం. తొలినాటి టాకీల్లో నటులు కెమెరా ముందు నిలబడి పాడుతూనే నటించేవారు. వాద్యాలవాళ్లు చెట్ల చాటునో, తెర చాటునో దాక్కుని వాయించేవారు. తర్వాత ముందు పాట రికార్డు చేసుకుని, షూటింగులో దాన్ని వినిపిస్తుంటే నటులు పెదవులు కదిపే పద్ధతి వచ్చింది. అదే ప్లేబ్యాక్.

ఆ రోజుల్లో శబ్దాన్ని ఫిల్ము మీదే పట్టేవారు. మైకులో పడిన గొంతు కరెంటుగా మారి, ఆ కరెంటు వెలుగును ఆడిస్తుంటే, ఆ వెలుగు ఫిల్ము అంచున గీతలా పడేది. దాన్ని లాబొరేటరీలో కడిగి ప్రింటు వేస్తేగాని పాడింది ఎలా వచ్చిందో సరిగా తెలిసేది కాదు. యాభైల దశకంలో క్రమంగా మాగ్నెటిక్ టేపు వచ్చాక పాడిన వెంటనే విని చూసుకునే వీలు కలిగింది.

ఏ పద్ధతైనా ట్రాకు మాత్రం ఒక్కటే. గాయకుడు, వయొలిన్లు, సితారు, ఫ్లూటు, తబలా, ఢోలకు అన్నీ ఒకే హాల్లో, ఒకే సమయంలో పాడి వాయించాలి. ఏ వాద్యం ఎంత వినిపించాలన్నది చాలావరకు ఎవరు మైకుకు ఎంత దూరంలో కూర్చున్నారన్న దాన్నిబట్టి ఉండేది. పాట చివరి చరణంలో ఒక్కరు తాళం తప్పినా అందరూ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. అందుకే రోజుల తరబడి రిహార్సలు చేసేవారు. మాయాబజార్ లాంటి చిత్రాలకు శబ్దగ్రహణం చేసిన ఎ.కృష్ణన్, శివరాం వంటివారి చెవులే అప్పటి మిక్సింగు యంత్రాలు.

నిడివి ఇంకో చిక్కు. నిమిషానికి 78 సార్లు తిరిగే లక్క రికార్డు మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. రాగం, భావం, సాహిత్యం అన్నీ ఆ కాస్త సమయంలో చెప్పాలి. ఘంటసాల సినిమాల్లో పద్యం పాడే తీరు ఇక్కడి నుంచే వచ్చిందని మాకు అనిపిస్తుంది. నాటకాల్లో పద్యాన్ని గంటలకొద్దీ సాగదీసి పాడేవారు. ఈయన రాగాలాపన తగ్గించి, ప్రతి అక్షరం విడివిడిగా తెలిసేలా, అర్థం చెవికి ఎక్కేలా పాడారు. చదువు రాని మా నాయనమ్మలు కూడా ఆ పద్యాలు తప్పులేకుండా అప్పజెప్పడానికి కారణం అదే.

శివశంకరి పాట – తెర మీద మల్టీట్రాక్

1961లో వచ్చిన జగదేకవీరుని కథలో శివశంకరి పాట తెలియనివారు ఉండరు. కూర్చినది మన జిల్లావారే అయిన పెండ్యాల నాగేశ్వరరావు. పాడింది ఘంటసాల. ఆ దృశ్యంలో రామారావు ఒక్కరే అనేక రూపాల్లో కనబడతారు. ఒక రూపం పాడుతుంటే ఇంకొక రూపం వీణ, మరొకటి మృదంగం వాయిస్తాయి. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ ఫ్రేములో ఒక భాగాన్ని మూసి, మిగతా భాగంలో తీసి, మళ్లీ అదే ఫిల్ము మీద ఇంకో భాగంలో తీస్తూ ఆ మాయ చేశారు.

బొమ్మకు సాధ్యమైన ఆ మాయ అప్పట్లో మన శబ్దానికి సాధ్యం కాలేదు. పాడేవారు, వాయించేవారు అందరూ నిజంగా ఉండవలసిందే. ఇవాళ కంప్యూటరులో మనం చేస్తున్నది సరిగ్గా ఆ మాయనే. ఒక్క మనిషి ముందు తాళం వేసుకుని, దాని మీద శ్రుతి పెట్టుకుని, దాని మీద కీబోర్డు వాయించి, చివర్లో పాడవచ్చు. మల్టీట్రాక్ అంటే ఏమిటని చిన్న తరగతుల తమ్ముళ్లు అడిగితే మేము ఈ పాటే చూపిస్తాం.

ఇప్పటి రికార్డింగు – ఆడియో, మిడి

కంప్యూటరులో రికార్డింగు చేసే సాఫ్ట్‌వేర్‌ను డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. ఇందులో రెండు రకాల ట్రాకులుంటాయి.

మొదటిది ఆడియో ట్రాకు. మైకు నుంచి వచ్చిన శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా దాస్తుంది. రెండు చానళ్ల పాట నిమిషానికి సుమారు పది మెగాబైట్లు పడుతుంది. గొంతు వణికినా, ఫ్యాను తిరిగినా, బయట ఆటో వెళ్లినా అన్నీ అందులో పడతాయి.

రెండోది మిడి ట్రాకు. ఇందులో శబ్దమే ఉండదు. ఏ మెట్టు నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం, ఎంతసేపు పట్టుకున్నాం అన్న వివరాలు మాత్రమే ఉంటాయి. స్వరలిపి కాగితం మీద రాసుకున్నట్టన్నమాట. కాగితానికి శబ్దం ఉండదు, దాన్ని చూసి ఎవరైనా ఏ వాద్యం మీదైనా వాయించుకోవచ్చు. అందుకే మిడిలో వాయించిన వరుసను ఫ్లూటుగాను, వయొలిన్‌గాను మార్చుకోవచ్చు, శ్రుతి పెంచవచ్చు, తప్పు మెట్టును సరిచేయవచ్చు. పాట మొత్తం కొద్ది కిలోబైట్లలో ఇమిడిపోతుంది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా ఈ పద్ధతి 1983లో వచ్చింది. అమెరికావాడు డేవ్ స్మిత్, జపానువాడు ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్యులు. 2013లో ఇద్దరికీ కలిపి టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. ఘంటసాల పోయిన తొమ్మిదేళ్లకు గాని మిడి పుట్టలేదు.

మొదలుపెట్టే తమ్ముళ్ల కోసం మేము నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాం. పాడే ట్రాకును రికార్డుకు సిద్ధం చేసుకుని, పాటలో అన్నిటికంటే గట్టి చోటు ఒకసారి పాడి చూసుకోవాలి. మీటరు ఎరుపులోకి పోకుండా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే మంచిది. ఎరుపులోకి పోయి పగిలిన గొంతును తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. పాడేటప్పుడు స్పీకరు కాక ఇయర్‌ఫోన్స్ వాడాలి, లేకపోతే పాత ట్రాకు మళ్లీ మైకులోకి దూరుతుంది. పాడిన దానికి, చెవిలో వినబడే దానికి మధ్య ఆలస్యం అనిపిస్తే బఫర్ సైజు తగ్గించాలి. 1024 ఉంటే ఆలస్యం 23 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది, 128కి తగ్గిస్తే మూడుకు పడిపోతుంది. గదిలో ఫ్యాను ఆపి, గోడలకు దుప్పట్లు కడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉండదు. ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఆడాసిటీ ముఖ్యంగా ఆడియోకు, ఎల్ఎంఎంఎస్ ముఖ్యంగా మిడికి పనికొస్తాయి.

ఇన్ని సదుపాయాలున్నా యంత్రం చేయలేనివి ఉన్నాయి. తాళం తప్పిన మెట్లను గీత మీదికి జరిపే క్వాంటైజ్ అనే సదుపాయం ఉంది. సినిమా పాటకు అది ఉపయోగపడుతుంది. ఘంటసాల పద్యానికి మాత్రం పనికిరాదు. పద్యం తాళానికి కట్టుబడదు, భావం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. మెట్రోనోమ్ పెట్టుకుని పద్యం పాడితే ఎక్కం చదివినట్టు ఉంటుంది. మేము కనుక్కున్న దారి ఏమంటే, ముందు మిడిలో తంబూరా శ్రుతి ఒక్కటే పెట్టుకుని, మెట్రోనోమ్ ఆపేసి, గొంతును స్వేచ్ఛగా రికార్డు చేయాలి. వాద్యాలు తర్వాత గొంతు వెంట నడవాలి. గమకం కూడా అంతే. కీబోర్డు మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ ఉంటుంది. పిచ్ బెండ్ చక్రంతో ఆ ఖాళీని కొంత పూడ్చవచ్చు గాని, మామూలుగా అది రెండు మెట్ల దూరమే కదులుతుంది. మన రాగాల్లో స్వరం ఊగే తీరు చేతికి రావాలంటే ముందు గొంతుకు రావాలి. అందుకు గురువు, సాధన తప్పవు.

చివరి రికార్డింగు

1970లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1971లో యూరప్, అమెరికా దేశాల్లో కచేరీలు చేసి వచ్చారు. అప్పటికే చక్కెర వ్యాధి ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. కోలుకున్నాక ఆయన మనసు భగవద్గీత మీదికి మళ్లింది. వందకు పైగా శ్లోకాలను ఎంచి, తెలుగు తాత్పర్యంతో సహా రికార్డు చేశారు. ఆ పనిలో, ఇంకా ఎన్నో సినిమాల్లో ఆయనకు చేదోడుగా ఉన్నది పట్రాయని సంగీతరావు. ఆయన ఎవరో కాదు, విజయనగరంలో అన్నం పెట్టి సంగీతం చెప్పిన ఆ గురువుగారి కుమారుడే. గురువు రుణం తీర్చుకోవడమంటే ఇదేనని మాకు తోచింది. సంగీతరావు నూరేళ్లు దాటి బతికి 2021లో కన్నుమూశారు.

ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కాలం చేశారు. నిండా యాభై రెండేళ్లు లేవు. గీత రికార్డులు ఆయన పోయాక విడుదలయ్యాయి. ఆ నాటికి ఆయన ఒంట్లో ఓపిక తగ్గింది. ఇంకొన్నాళ్లు ఆగుదామనుకుని ఉంటే ఆ గొంతుతో ఆ శ్లోకాలు మనకు ఉండేవి కావు.

ఆయన పేరుతో విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. 2003లో తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. 2010లో మాయాబజార్‌కు రంగులద్ది, ఒకే ట్రాకులో ఉన్న శబ్దాన్ని డీటీఎస్ పద్ధతిలోకి మార్చి మళ్లీ విడుదల చేశారు. యాభై ఏళ్ల తర్వాత కూడా థియేటరులో నిలబడగలిగిన గొంతు అది.

మన వంతు

ఇదంతా చదివి ఘంటసాల అంతటివాళ్లం కాలేమని ఎవరూ అనుకోనక్కరలేదు. మేము చెప్పదలచుకున్నది వేరు. మన ఊళ్లలో నాట్లు వేసేటప్పుడు అమ్మలు పాడుకునే పాటలున్నాయి. ఉప్పుటేరు మీద, సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్లు తెడ్డు వేస్తూ పాడే పదాలున్నాయి. చావు ఇంట డప్పు ఒకలా మోగుతుంది, పెళ్లి ఇంట ఒకలా మోగుతుంది, ఆ తేడా తెలిసిన చేతులు మన పేటల్లో ఉన్నాయి. వీటికి ఏ కంపెనీ రికార్డులు వేయలేదు. నాటు యంత్రాలు వచ్చాక, చేలు చేపల చెరువులయ్యాక ఆ పాటలు పాడే సందర్భాలే తగ్గిపోతున్నాయి. పాడేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఘంటసాల కాలంలో ఒక పాట రికార్డు చేయాలంటే స్టూడియో, ఫిల్ము, నలభైమంది మనుషులు కావలసివచ్చేది. ఇప్పుడు మన జేబులో ఫోను చాలు. సెలవులకు ఇంటికి వెళ్లే ప్రతి విద్యార్థీ తన ఇంట్లో, పేటలో ఉన్న పెద్దల దగ్గర కూర్చుని ఒక్క పాటైనా రికార్డు చేసి తీసుకురావాలని మా మనవి. ఫ్యాను ఆపండి, ఫోనును విమానం మోడులో పెట్టండి, పాడేవారి నోటికి జానెడు దూరంలో పట్టుకోండి. ముందు వారి అనుమతి అడగండి. పాట చివర వారి పేరు, ఊరు వారి చేతే చెప్పించండి. హాస్టలు కంప్యూటరులో వాటిని భద్రపరిచే పని మేము, మా తోటి పూర్వ విద్యార్థులం చూసుకుంటాం. వచ్చే వార్షికోత్సవానికి ఘంటసాల పాట తర్వాత ఆ పాటల్లో ఒకటి మన స్టేజీ మీద వినిపిద్దాం.

– ఒక పూర్వ విద్యార్థి, పీజీ చివరి సంవత్సరం